పొగలు కక్కే టీ, తొమ్మిది సార్లు

బాబూ,

నీ కథా, దాంతో పాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. మేడమ్ అని మొదలుపెట్టావు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఆ పిలుపు వినీ వినీ విసుగెత్తింది. ఇకమీదట అమ్మా అను, చాలు.

ఉత్తరం చివర్లో, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అడిగినట్టు ఒక ప్రశ్న వేశావు. రాసేటప్పుడు నేను ఏ టీ తాగుతానని. కిందనే ‘సిల్లీగా అడుగుతున్నాననుకోకండి’ అని కూడా రాశావు. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. టీ గురించి అయితే ఉంది. పైగా నీ కథకున్న జబ్బు కూడా టీలోనే కనిపించింది కాబట్టి రెండూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు.

లెక్కపెట్టాను. పదకొండు పేజీల కథలో టీ తొమ్మిది సార్లు వచ్చింది. తొమ్మిది సార్లూ ‘పొగలు కక్కే టీ’యే. నీ హీరో మియాపూర్‌లో తన గదిలో తాగినా, ఆఫీసులో మెషీన్ కింద కప్పు పెట్టి పట్టుకున్నా, నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో పాత స్నేహితురాలి ముందు కూర్చుని తాగినా అదే పొగ, అదే కక్కడం. హోటల్ సీన్లో ఇంకో ఘోరం కూడా జరిగింది. లోపల వంటగదిలోంచి ‘అల్లం దంచే చప్పుడు’ వినిపించిందన్నావు. ఇరానీ చాయ్‌లో అల్లం ఎక్కడిది నాయనా? ఖమ్మం నుంచి వచ్చి ఆరేళ్లయిందన్నావు కదా, ఆరేళ్లలో ఒక్కసారైనా ఆ చాయ్ తాగుతూ దాని వంక చూశావా?

ఈసారి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడు. నీళ్లలో టీ పొడి వేసి, మూత బిగించి, సన్నసెగ మీద దమ్ పెడతారు. అది గంటల తరబడి అలా మగ్గుతూనే ఉంటుంది. పక్క పొయ్యి మీద పాలు వేరేగా మరిగి మరిగి చిక్కబడుతుంటాయి. కొన్నిచోట్ల కోవా కూడా కలుపుతారు. ఆ డికాక్షనూ ఈ పాలూ పొయ్యి మీద కలవవు. మనం అడిగాక, మన కప్పులోనే కలుస్తాయి. మనింట్లోలా అన్నీ ఒకే గిన్నెలో వేసి మూడు పొంగులు రానిచ్చే టీ కాదది. ఇంకా చిక్కగా కావాలంటే పౌనా అని అడుగుతారు. అనుభవం వేరుగా, భాష వేరుగా మరగాలి, కాగితం మీదే కలవాలి అంటూ దీన్నుంచి ఒక పోలిక లాగబుద్ధవుతుంది. లాగకు. నేను రెండు సభల్లో లాగాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ హోటళ్లు పెట్టినవాళ్లు ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా ఇక్కడికి చేరినవాళ్లు. పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, కౌంటర్ మీద గాజు సీసాల్లో బిస్కెట్లు. అదంతా నీకు ఫొటోల్లో దొరుకుతుంది. దొరకనిది ఒకటి చెబుతాను.

1980లలో నా ఉద్యోగం ఆబిడ్స్ దగ్గర. అప్పట్లో మా ఆఫీసు ఆడవాళ్లెవరూ ఇరానీ హోటల్ హాల్లో కూర్చునేవాళ్లు కాదు. లోపల ఒక మూల ‘ఫ్యామిలీ రూమ్’ అని బోర్డు, ఛాతీ ఎత్తు దాటిన చెక్క అడ్డుగోడ, ముందు మాసిపోయిన కర్టెన్. నేనూ, మా సెక్షన్‌లోనే పనిచేసే స్నేహితురాలూ జీతాలు ఇచ్చిన రోజున అక్కడికి వెళ్లేవాళ్లం. ఫ్యామిలీ ఏదీ అని సర్వరు ఒక్కసారి కూడా అడగలేదు, పుణ్యాత్ముడు. ఆ గోడ అవతల మనుషుల మొహాలు మాకు కనిపించవు. మాటలు మాత్రం ఇటు వస్తాయి. దక్కనీ ఉర్దూ, వరంగల్ తెలుగు, రెండూ కలగలిసిన ఆఫీసు భాష. సాసర్ మీద కప్పు పెట్టే చప్పుడు బట్టి మనిషి కోపంగా ఉన్నాడో, తొందరలో ఉన్నాడో తెలిసేది. ఎవడైనా అప్పు అడగడానికి వచ్చాడంటే రెండు నిమిషాల్లో పట్టేసేదాన్ని. ముందు అవతలివాడి పిల్లల చదువుల గురించి అడుగుతాడు. తర్వాత ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్ తెప్పిస్తాడు. బిస్కెట్ వచ్చిందంటే ఇక అసలు సంగతి బయటికొస్తుందన్నమాట. నా కథల్లో సంభాషణలు బాగుంటాయని ఎవరైనా అంటే, నేను మనసులో ఆ చెక్కగోడకి దండం పెట్టుకుంటాను.

అందుకని ఇరానీ చాయ్‌ని నేను వినడానికి పెట్టుకున్నాను. అక్కడ రాయను. ఒకసారి ధైర్యం చేసి నోట్‌బుక్ తెరిస్తే పక్క బల్ల వాళ్లు గొంతు తగ్గించారు. ఇన్‌కమ్‌టాక్స్ అనుకున్నారో ఏమో. నువ్వు ల్యాప్‌టాప్ తెరుస్తానంటావు, ఇంకా అన్యాయం.

తప్పులు నువ్వొక్కడివే చేయలేదులే. నా మూడో కథలో 1930 ప్రాంతపు నల్గొండ పల్లె ఒకటి రాశాను. తెల్లారగానే కోడలు ఇత్తడి గ్లాసులో పాల టీ తెచ్చి మామగారికి అందిస్తుంది, ఆయన ఊదుకుంటూ తాగుతాడు. ఆ గ్లాసు మీద రెండు మంచి వాక్యాలు కూడా పడ్డాయి. పత్రికలో అచ్చయింది. మా అమ్మ పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. కథ చదివించుకుని ఆమె పడీ పడీ నవ్వింది. ‘గప్పుడు మా ఊళ్లె చాయ ఎక్కడిదే? పొద్దుగాల అంబలే గద!’ అంది. ఆమె మొదటిసారి టీ రుచి చూసింది జ్వరం వచ్చినప్పుడట, మందులాగా పోశారట.

అప్పుడు కూర్చుని చదివాను. 1930లకి ముందు మన దేశంలో పండిన టీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోయేది. ఆ దశాబ్దంలో విదేశాల్లో గిరాకీ పడిపోయాక, ఇక్కడివాళ్లకే అలవాటు చేయాలని టీ వ్యాపారులు ఊరూరా ఉచితంగా కాచిపోసి మరీ ప్రచారం చేశారు. ఆకుని నలిపి, చించి, చిన్న గుళికలుగా చుట్టే సీటీసీ యంత్రం అస్సాంలో వచ్చిందీ ఆ దశాబ్దంలోనే. మీ ఇంట్లో డబ్బాలో నల్లటి రవ్వలా ఉంటుందే, అదే సీటీసీ. కొంచెం పొడి వేస్తే చాలు, బోలెడు రంగు దిగుతుంది. ఆ రవ్వ చవకై అన్ని ఇళ్లకీ చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నా కోడలు పిల్ల మాత్రం అందరికంటే ముందే కాచేసింది.

ఇక నేను రాసేటప్పుడు తాగేది. చెబితే నిరుత్సాహపడతావేమో. పాలు లేని టీ, సులేమానీ. ఇష్టంతో మొదలైంది కాదు. పిల్లలు చిన్నప్పుడు రాసుకోవడానికి నాకు దొరికిన సమయం తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు. చిక్కడపల్లిలో రెండు గదుల ఇల్లు. పాల ప్యాకెట్లు ఐదున్నరకి గాని వచ్చేవి కావు, రాత్రి మిగిలిన పాలు పిల్లలవి. అందుకని ఉత్త డికాక్షన్‌లో కాస్త చక్కెర, నిమ్మకాయ ఉంటే రెండు చుక్కలు. నిమ్మరసం పడగానే ముదురు రంగు డికాక్షన్ తేనె రంగులోకి తిరుగుతుంది. పులుపు తగిలితే టీలోని రంగు లేతబడుతుంది, అంతకంటే మాయేమీ లేదు. అయినా ఆ చీకట్లో, ట్యూబ్‌లైట్ కింద ఆ రంగు మారడం చూడ్డానికే లేచిన రోజులున్నాయి.

పాల టీకి నేను రాతబల్ల దగ్గర చోటివ్వను. దానికి ఒక పాడు అలవాటుంది. నువ్వు ఒక పేరా మీద ఆగిపోయేలోపు మీగడ కడుతుంది. మీగడ కట్టిందని వేడి చేయడానికి వంటింట్లోకి వెళ్తావు. వెళ్తే తోమని గిన్నెలు కనిపిస్తాయి. గిన్నెలు కనిపించాక ఇంక కథేముంది? మగపిల్లాడివి, నీకు ఆ గిన్నెలు కనిపించకపోవచ్చు. కనిపించడం నేర్చుకో, రాతకి పనికొస్తుంది. సులేమానీ చల్లారిపోయినా సులేమానీయే. గంట తర్వాత కూడా తాగొచ్చు.

తిరగరాసేటప్పుడు గ్రీన్ టీ. మా అబ్బాయి తెచ్చిపెట్టిన మొదటి డబ్బాని సీటీసీలాగే కుతకుతలాడించి, చేదు భరించలేక పనిమనిషికిచ్చేశాను. ఆమె మరుసటిరోజు తిరిగి తెచ్చేసింది. ఆ తర్వాత తెలిసింది, నీళ్లు మరిగే దాకా పోకూడదని. 80 డిగ్రీల దగ్గర, అంటే గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేచేటప్పుడే దించి, ఆకు వేసి, రెండు మూడు నిమిషాల్లో వడకట్టేయాలి. మంచి ఆకైతే రెండోసారి కూడా పోయొచ్చు. ఇందులో చక్కెర లేదు, ఓదార్పు లేదు. నా వాక్యాల్ని నేనే కొట్టేసుకునేటప్పుడు నోట్లో తీపి ఉంటే చెయ్యి రాదు. ఇది నా చాదస్తమే కావచ్చు.

డార్జిలింగ్ టీ గురించి ఎక్కువ చెప్పను, ఖరీదు. వసంతంలో తొలి చిగురు కోసి చేసిందాన్ని ఫస్ట్ ఫ్లష్ అంటారు. అందులో పాలు పోస్తే పాపం తగులుతుంది. ఎవరైనా కానుకగా ఇస్తే దాచుకుని, కవిత్వం చదివేటప్పుడు కాచుకుంటాను. నా కథలు చదువుకోవడానికి ఎప్పుడూ కాచుకోలేదు.

అన్నట్టు, రాత్రి పదకొండు నుంచి రెండు దాకా రాస్తాననీ, ఆ మూడు గంటల్లో మూడు కప్పులు పడతాయనీ గొప్పగా చెప్పావు. మన ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రెండింటికి నువ్వు పడుకున్నా నీ మూడు కప్పులు మేలుకునే ఉంటాయి. నీ కథలో తొమ్మిదో పేజీ నుంచి వాక్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, అది మూడో కప్పు పని అని నా అనుమానం. వారానికి రెండు రోజులైనా పొద్దున లేచి రాసి చూడు. ఆఫీసు టెన్షన్ ఇంకా మొదలవ్వని తల వేరేగా ఉంటుంది.

ఇప్పుడు నీ కథ. తొమ్మిది టీల్లో ఆరు తీసెయ్. గదిలో తాగేది, మెషీన్‌ది, హోటల్‌ది మూడుంచు. మూడింటికీ పొగ తీసెయ్. మెషీన్ టీ పొడి నీళ్లలో కలిసి అర నిమిషంలో కప్పులోకి వస్తుంది, ఆ అర నిమిషంలో నీ హీరో వెనకాల నిలబడ్డ మేనేజర్‌తో ఏం మాట్లాడతాడో రాయి. నీకు అల్లం దంచే చప్పుడు మీద అంత మోజుంటే దాన్ని ఖమ్మంలో నీ హీరో వాళ్లమ్మ వంటింటికి పంపించు. ఆమె దంచిన అల్లాన్ని నేరుగా పాలల్లో వెయ్యదు, ముందు నీళ్లలో మరిగిస్తుంది. పచ్చి అల్లానికి పాలు విరగ్గొట్టే గుణం ఉంది, మరిగిస్తే అది పోతుంది. ఆమెకి ఇందులో సైన్స్ తెలియదు, ఒకసారి చుట్టాల ముందు టీ విరిగి పరువు పోయింది, అంతే. చూడు, ఒక గిన్నె విరిగిన పాలతో నీ కథలోకి ఇంకో మనిషి వచ్చేసింది. ఇప్పటిదాకా ఆమె ఫోన్లో ‘తిన్నావా’ అనే రెండు చోట్ల తప్ప ఎక్కడా లేదు.

హోటల్ సీను సంగతి. వాళ్లిద్దరూ కోచింగ్ రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీ బయట ఒక టీని వన్ బై టూ చెప్పుకుని తాగేవాళ్లని నాలుగో పేజీలో నువ్వే రాశావు. రాసి మర్చిపోయావు. ఆరేళ్ల తర్వాత నాంపల్లిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సర్వరు వచ్చి నిలబడతాడు. నీ హీరో రెండు చాయ్ అంటాడు. లేదా ఆమె తనకి వద్దంటుంది. లేదా ఇద్దరూ ఒకేసారి ‘వన్ బై టూ’ అనేసి ఆగిపోతారు. ఏది జరిగిందో నాకు తెలియదు, నీకు తెలియాలి. అది రాస్తే, ‘వారి మధ్య మాటల్లో చెప్పలేని దూరం పేరుకుపోయింది’ అని నువ్వు రాసిన ఆ పొడుగు వాక్యాన్ని నేనే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను.

కూర్చుని ఊహించకు, వెళ్లి చూసి రా. లేదా ఒక పని చెయ్. ఈ ఆదివారం పది గంటలకి ఆబిడ్స్ రా. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, నీ కథల వయసుకి పనికొచ్చేవి నాలుగు ఏరిపెడతాను. డబ్బులు నువ్వే ఇచ్చుకో. తర్వాత ఆ పాత హోటల్‌కి వెళ్దాం. ఫ్యామిలీ రూమ్ తీసేసి చాలా కాలమైంది, నేనిప్పుడు హాలు మధ్యలో ఫ్యాన్ కింద బల్ల చూసుకుని కూర్చుంటాను. గంట సేపు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా పక్కవాళ్ల మాటలు విందాం. బయటికొచ్చాక ఎవరికేం వినబడిందో సరిపోల్చుకుందాం.

నాకు పౌనా, నీ ఇష్టం నీది. డాక్టరు చక్కెర మానమని రెండేళ్లయింది, మా అబ్బాయి ఫోన్ చేస్తే పుస్తకాల దగ్గరే ఉన్నామని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ