అరుణాచలం బయల్దేరే ముందు బుజ్జికి

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే నువ్వు చదవవు. అందుకే కాయితం మీద రాసి కొరియర్ చేస్తున్నాను. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్తున్నావట, వచ్చాక ఉద్యోగం మానేసి అరుణాచలంలో గది తీసుకుని ఉండిపోతావట. వినగానే ముందు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. మన ఇళ్ళల్లో 29 ఏళ్ళ మగపిల్లాడు ఫ్లాటు, కారు కాకుండా ఇంకోదాని గురించి ఆలోచించడం నేనైతే చూడలేదు. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు.

శిబిరానికి వెళ్ళు. ఇక్కడ చెన్నై దగ్గరి తిరుముడివాక్కం విపశ్యన ధ్యాన కేంద్రమేనని మీ అమ్మ చెప్పింది, అయితే నాకేం బెంగ లేదు. ముందు డబ్బు అడగరు, అయ్యాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు. తెల్లవారుజామున 4కి గంట కొడతారు, రోజుకి దాదాపు 10 గంటలు కూర్చోవాలి, పదో రోజు దాకా నోరు విప్పకూడదు, ఫోన్ వాళ్ళకిచ్చేయాలి. వదులు బట్టలు పెట్టుకో. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. చేరేముందు ఫారంలో మనసుకి సంబంధించిన మందులేమైనా వాడుతున్నావా అని అడుగుతారు. నువ్వు నిద్రకీ, టెన్షన్‌కీ మాత్రలు వేసుకుంటున్న సంగతి నాకు తెలుసు, మీ అమ్మకి తెలీదు. అందులో నిజం రాయి. వాళ్ళు ఇప్పుడొద్దంటే గొడవ పడకుండా వెనక్కి వచ్చెయ్. డాక్టరుని అడక్కుండా ఆ మాత్రలు ఒక్క పూట కూడా మానకు. ధ్యానం చేసేవాడికి మందులెందుకని ఎవరైనా అంటే, ఎంత గడ్డమున్న వాడైనా సరే, చెప్పులేసుకుని బయటికి నడువు.

ఇక ఉద్యోగం సంగతి. ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పేది మా అమ్మ, మూడూ స్నానం చేసేలోపు పోయేవేనని. నాలుగోది నేను కలుపుతున్నాను, అప్రైజల్ వైరాగ్యం. ఆ పెళ్ళి సంబంధం తప్పిపోయి నాలుగు నెలలు. నీ వెనక చేరినవాడు నీకు మేనేజరై రెండు నెలలు. నువ్వు కోపంగా ఉన్నావురా బుజ్జీ. కోపంగా ఉంటే ఉన్నానని చెప్పు, నాలుగు తిట్టు, మా ఇంటికొచ్చి తిట్టు. దానికి కాషాయం కట్టకు.

"రమణులు 16 ఏళ్ళకే ఇల్లు వదిలి వెళ్ళలేదా" అని మీ అమ్మని అడిగావట. వెళ్ళారు, 1896లో, ఈ అరుణాచలానికే. అన్నగారి కాలేజీ ఫీజుకని ఇచ్చిన 5 రూపాయల్లో 3 తీసుకుని, మిగతా 2 చీటీతో పాటు వదిలి వెళ్ళారు. నువ్వు పర్సనల్ లోన్ వదిలి వెళ్తున్నావు. అయినా సగం కథే చెప్తావెందుకు? 1916లో వాళ్ళమ్మ వచ్చి ఆయన దగ్గరే ఉండిపోయింది. 1922లో ఆవిడ పోయిన రోజున తల మీద ఒక చెయ్యి, గుండె మీద ఒక చెయ్యి వేసి పక్కనే కూర్చున్నారు. ఆశ్రమంలో తెల్లారకముందే లేచి వంటింట్లో కూరలు తరిగేవారు. నీకు కూరలు తరగడం వచ్చా?

కూరలంటే నా సంగతి చెప్పాలి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1996లో మేం మద్రాసు పెరంబూరులో ఉండేవాళ్ళం, మీ పెదనాన్న అప్పుడు రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో. మా అత్తగారికి ఎడమవైపు పక్షవాతం వచ్చి ముందుగదిలో నవారు మంచం మీద ఉండేది. నేను దగ్గర్లో ఒక సత్సంగానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట వారానికో గంట. తర్వాత పొద్దున, సాయంత్రం. అన్నదానం ఉన్న రోజున రెండు వందల మందికి వంకాయలు తరిగేదాన్ని. అక్కడ అందరూ నన్ను అమ్మా అనేవాళ్ళు. నా చేతి సాంబారు తింటే ప్రసాదం తిన్నట్టుందని ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంట్లో ఇదే చేత్తో గంజి పోస్తే చల్లారిపోయిందనేది అత్తగారు. నువ్వైతే ఎటు వెళ్తావు?

తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం. ఆవిడ మంచం పక్కన స్టూలు మీద చెంబుతో నీళ్ళు పెట్టి, పన్నెండున్నరకి వచ్చేస్తానని చెప్పి వెళ్ళాను. వడ్డన అయ్యాక బయల్దేరబోతుంటే ఆగమన్నారు. సేవ చేసినవాళ్ళని వేదిక మీదకి పిలిచి శాలువాలు కప్పుతున్నారు. నా పేరు ఏడోది. ఆగాను. తర్వాత హారతి, తర్వాత ఒకరి తర్వాత ఒకరు కాళ్ళకి దండం పెట్టడం. ఇల్లు చేరేసరికి మూడు.

అత్తగారు కిందపడి ఉంది. చెంబు దొర్లి మంచం కిందకి పోయింది. చీర సగం తడిసి ఉంది, అది ఒక్క చెంబు నీళ్ళే కాదు. ఎంతసేపట్నుంచి అలా ఉందో. నన్ను చూసి, ఆ వంకర తిరిగిన నోటితో అడిగింది, "అక్కడ అందరూ తిన్నారా?"

వెక్కిరించిందో, నిజంగానే అడిగిందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆవిడ ఎప్పుడూ ముందు అందరూ తిన్నారా అనే అడిగే మనిషి.

నిన్ను ఇంతసేపు కూర్చోబెట్టింది ఆ తర్వాత సంగతి చెప్పడానికి. తుడవడానికి గుడ్డ కోసం చూస్తుంటే భుజం మీద శాలువా తగిలింది. దాన్ని తీసి, మడత పెట్టి, తడి తగలకుండా బీరువా మీద పెట్టి, అప్పుడు వెళ్ళి పాత తువ్వాలు తెచ్చాను. ఆవిడ నేల మీదే ఉంది అంతసేపూ. మడత కూడా నీట్‌గానే పెట్టాను.

రాత్రి మీ పెదనాన్న అడిగితే, "ఎవరి కర్మ వాళ్ళు అనుభవించాలి, మనం నిమిత్తమాత్రులం" అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతు ఎంత ప్రశాంతంగా ఉందంటే, నిజంగానే ఏదో మెట్టు ఎక్కాననుకున్నాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. వెంటనే బుద్ధొచ్చి మానేశాననుకుంటున్నావేమో, ఇంకో మూడు వారాలు వెళ్ళాను. మెల్లిగా, ఎవరికీ చెప్పుకోకుండా, మానేశాను. ఆవిడ ఆ తర్వాత 14 నెలలు ఉంది. గంజి చల్లారిందనే అనేది. వేడి చేసి తెచ్చేదాన్ని.

అందుకే, "నీ దగ్గర వైబ్రేషన్ బాలేదు, నా ఎనర్జీ పోతోంది" అని నువ్వు మీ అమ్మతో అన్నావని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నేను కర్మ అన్నాను, నువ్వు వైబ్రేషన్ అంటున్నావు. ఇంత కోపం నీ మీదేనా అంటే నాకే అనుమానం, వదిలెయ్.

ఇంకా చిన్న చిన్నవి. ధ్యానం యాప్‌లో 112 రోజులు ఆపకుండా చేశావని ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టకు, నీ కోసం చేసుకుంటున్నదానికి మా బొటనవేళ్ళు దేనికి. లెవెల్ వన్, లెవెల్ టూ అని వేలకి వేలు గుంజేవాళ్ళు ఉంటారు, అమ్మానాన్నలకి దూరంగా ఉంటేనే ఎదుగుతావనేవాళ్ళు ఉంటారు. రెండూ ఒకే నోటి నుంచి వస్తే పరిగెత్తు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో ఇక్కడ అడయారు బీచిలో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు చూసి జగద్గురువు ఈ పిల్లాడే అన్నారు. ఆయన కోసమే ఒక సంఘం పెట్టారు. 1929లో ఆయనే దాన్ని రద్దు చేసి, నాకు శిష్యులు వద్దన్నాడు. అయినా జనం వింటారా, జీవితాంతం ఆయన చుట్టూ చేరుతూనే ఉన్నారు. మనకి ఎవరో ఒకరు కావాలి. నీకూ కావాలనిపిస్తుంది, ముఖ్యంగా రాత్రి పూట ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు.

రాజీనామా మాత్రం శిబిరం అయ్యాక మూడు నెలలు ఆగి ఇవ్వు. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే నేనే వచ్చి గదిలో స్టవ్వు, గిన్నెలు సర్ది వస్తాను. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

ఈ ఆదివారం భోజనానికి రా. గోంగూర దొరికింది, నువ్వే ఆకు వలవాలి. ఉప్పు, కారం మానేశానని అనకు, ఆ పది రోజులూ ఎలాగూ సాదా తిండే.

శిబిరంలో ఫోన్ అప్పగించే ముందు మీ అమ్మకి చెయ్యి. తిరిగి చేతికిచ్చిన రోజున కూడా ముందు దానికే చెయ్యి. నాకు సాయంత్రం చేసినా పర్లేదు.

మీ పెద్దమ్మ

మోకాళ్ళ కింద పెట్టుకోవడానికి ఒక పాత దుప్పటి మడిచి ఉంచాను, ఆదివారం వచ్చినప్పుడు తీసుకెళ్ళు.