చలికాలపు వారాంతాల్లో గ్లైడింగ్: నెలకు 150 పౌండ్లు కేటాయించవచ్చా?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయసు 36. నా భార్య ఫార్మసీలో పార్ట్‌టైమ్ పనిచేస్తుంది, నెలకు రెండు శనివారాలు ఆమెకు డ్యూటీ ఉంటుంది. మూడేళ్ల పాప ఉంది. ఇద్దరి జీతాలూ కలిపి పన్నులు పోను నెలకు 4,100 పౌండ్లు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 1,480, పాప నర్సరీకి 620, ఇంటి ఖర్చులకు 1,150, ఖమ్మంలోని అమ్మానాన్నలకు 300, ఆదాయం మీద పన్ను పడని ఐసా ఖాతాలో పొదుపు 250 పౌండ్లు. బ్యాంకులో 7,000 పౌండ్లు ఉన్నాయి. ఇండియాలో 25 లక్షల ఎల్ఐసీ పాలసీ, దానికి యాక్సిడెంట్ బెనిఫిట్ రైడర్ (ప్రమాదంలో మరణిస్తే అదనపు మొత్తం ఇచ్చే అనుబంధం), ఇక్కడ ఇంటి రుణంతోపాటు తీసుకున్న జీవిత బీమా, కంపెనీ ఇచ్చే డెత్ ఇన్ సర్వీస్ రక్షణ (ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి అందే మొత్తం) ఉన్నాయి. ఇంటి రుణం మీద స్థిర వడ్డీ గడువు వచ్చే ఆగస్టుతో ముగుస్తుంది. ఈ నవంబరు నుంచి దగ్గరలోని గ్లైడింగ్ క్లబ్‌లో చేరి, ఇంజిన్ లేని చిన్న విమానమైన గ్లైడర్‌ను నడపడం నేర్చుకోవాలని ఉంది. రుసుముల పట్టిక పంపుతున్నాను. ఒక మిత్రుడు పాత ఒంటరి సీటు గ్లైడర్‌లో నాలుగో వంతు వాటాను 3,000 పౌండ్లకు ఇస్తానంటున్నాడు. చలికాలంలో చేరడం డబ్బు దండగ అని నా భార్య అభిప్రాయం. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీరు చేరవచ్చు. అయితే ఈ చలికాలానికి నెలకు 150 పౌండ్ల హద్దు పెట్టుకోవాలి, గ్లైడర్‌లో వాటా కొనకూడదు, మొదటిసారి గాలిలోకి లేవడానికి ముందే మీ బీమా పత్రాలన్నీ తీసి చదవాలి. ఈ మూడింటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునేది బీమా సంగతి. రుసుముల లెక్క తప్పితే కొన్ని వందల పౌండ్లు పోతాయి గానీ, బీమా లెక్క తప్పితే ఆ భారం మీ భార్యాబిడ్డల మీద పడుతుంది.

ముందు మీ భార్య గారి సందేహం సంగతి చూద్దాం. చలికాలంలో గ్లైడింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తేనే డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో అర్థమవుతుంది. డిసెంబరులో దక్షిణ ఇంగ్లండ్‌లో పగటి వెలుగు సుమారు ఎనిమిది గంటలే. సూర్యరశ్మి నేలను వేడెక్కించేంత బలంగా ఉండదు కాబట్టి, వేసవిలో గ్లైడర్లను గంటల తరబడి పైన నిలిపే వేడి గాలి ప్రవాహాలు అప్పుడు దాదాపు ఉండవు. ఉదయం షెడ్డు తలుపులు తీసి గ్లైడర్లను బయటికి తోయాలి, రెక్కల మీద పేరుకున్న మంచును పూర్తిగా తుడవాలి, కాక్‌పిట్ అద్దంపై పట్టిన ఆవిరి ఆరే దాకా ఆగాలి. రాత్రి వాన పడి ఉంటే పచ్చిక నేల బురదై ఆ రోజంతా పని సాగకపోవచ్చు. అన్నీ కుదిరాక మైదానం అవతలి చివరనున్న వించ్ యంత్రం పొడవాటి తాడును వేగంగా చుట్టుకుంటుంది. గ్లైడర్ గాలిపటంలా నిటారుగా లేచి, వెయ్యి నుంచి పదిహేను వందల అడుగుల ఎత్తులో తాడు వదిలేసి, మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి అయిదారు నిమిషాల్లో నేలకు దిగుతుంది. అంతటితో ఒక ఫ్లైట్ పూర్తయినట్టే.

అయిదు నిమిషాల కోసం రోజంతా చలిలో నిలబడటం దండగని అనిపించడం సహజమే. కానీ కొత్తగా నేర్చుకునేవారికి ముందుగా కావలసినవి టేకాఫ్, చుట్టు, ల్యాండింగ్, తాడు మధ్యలో తెగితే ఏం చేయాలన్న అభ్యాసం. ఇవన్నీ చిన్న ఫ్లైట్లలోనే వస్తాయి. పైగా మీ క్లబ్ లాంచ్‌కు, అంటే గ్లైడర్‌ను గాలిలోకి లేపినందుకు, ఒక రుసుము, గాలిలో గడిపిన ప్రతి నిమిషానికి మరో రుసుము తీసుకుంటుంది కాబట్టి, చిన్న ఫ్లైట్ అంటే నిమిషాల బిల్లు కూడా చిన్నదే. ఇది హాంప్‌షైర్‌లోని లాషమ్ వంటి మైదాన ప్రాంతపు క్లబ్‌లకు వర్తించే లెక్క. ష్రాప్‌షైర్‌లోని లాంగ్ మిండ్, యార్క్‌షైర్‌లోని సటన్ బ్యాంక్, స్కాట్లండ్‌లోని పోర్ట్‌మోక్ వంటి కొండ ప్రాంతపు క్లబ్‌లలో గాలి కొండకు ఎదురుగా వచ్చి తగిలి పైకి లేస్తుంది గనుక డిసెంబరులోనూ గంటకు పైగా ఎగరడం సాధ్యం. అలాంటి చోట్లకు క్లబ్ సభ్యులు కలిసి యాత్రగా వెళుతుంటారు. బస, పెట్రోలు, నిమిషాల రుసుము కలిసి ఒక్క వారాంతమే మీ రెండు నెలల కేటాయింపును మింగేయగలదు. మొదటి ఏడాది అలాంటి యాత్రలకు పేరు ఇవ్వకండి.

ఇక అంకెలకు వద్దాం. మీరు పంపిన పట్టిక ప్రకారం ఏడాది సభ్యత్వం 540 పౌండ్లు, వించ్ లాంచ్ ఒక్కోటి 12 పౌండ్లు, గ్లైడర్ అద్దె నిమిషానికి 40 పెన్నీలు. ఆరు నిమిషాల చొప్పున మూడు ఫ్లైట్లు చేసిన రోజున క్లబ్ బిల్లు 43 పౌండ్ల 20 పెన్నీలు. మీ మనసులో నిలిచేది ఈ అంకే, కానీ అసలు ఖర్చు ఇది కాదు. మీ భార్య గారి డ్యూటీ రోజులు పోను నెలకు రెండు రోజులు మీకు కుదురుతాయనుకుంటే, నవంబరు నుంచి మార్చి దాకా పది రోజులు. గాలి, వాన, పొగమంచు వాటిలో నాలుగింటిని తీసుకుపోతాయని ముందే అనుకోవాలి, ఎందుకంటే ఉద్యోగస్థుడు వాతావరణాన్ని బట్టి రోజును మార్చుకోలేడు. ఆరు రోజుల ఫ్లైట్లకు 259, పది రాకపోకలకూ తిండికీ రోజుకు 12 చొప్పున 120, సభ్యత్వంలో అయిదు నెలల వంతు 225, వెరసి సుమారు 604 పౌండ్లు. అంటే నిజంగా ఎగిరిన ఒక్కో రోజుకు నూరు పౌండ్లు పడుతుంది. అయిదు నెలలకు 150 చొప్పున 750 కేటాయిస్తే ఈ ఖర్చు పోను మిగిలే 146 పౌండ్లలో మంచి బూట్లు, గ్లోవ్స్, లోపల వేసుకునే వెచ్చని దుస్తులు వస్తాయి. చలిలో కదలకుండా నిలబడే ఆటకు ఇవి విలాసం కావు.

వేసవిలో బిల్లు తీరు మారుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పద్నాలుగు రోజులు అనుకుని పది రోజులు ఎగిరారనుకుందాం. రోజుకు మూడు వించ్ లాంచ్‌లు, మొత్తం కలిపి నలభై అయిదు నిమిషాల ఫ్లైట్ అయితే, సభ్యత్వమూ ప్రయాణమూ కలుపుకొని నెలకు 146 పౌండ్లు. అదే రోజుకు ఆ మూడింటిలో ఒక లాంచ్‌కు బదులు విమానం వెనుక తాడు కట్టుకుని లేచే ఏరోటో తీసుకుని మొత్తం గంటసేపు ఎగిరితే, మీ పట్టికలోని 38 పౌండ్ల ధర చొప్పున నెలకు 192 అవుతుంది. ఒకసారి ఏరోటో రుచి తెలిశాక వించ్ దగ్గరికి తిరిగి రావడానికి మనసు ఒప్పుకోదు. మీ ఖర్చు హద్దు దాటేది అక్కడే.

ఇప్పుడు మీ ఇంటి పద్దు. మీరు రాసిన ఖర్చులూ పొదుపూ కలిపితే 3,800, నెలకు 300 మిగులుతుంది. తప్పనిసరి ఖర్చులు, తల్లిదండ్రులకు పంపేది కలుపుకొని, 3,550. మూడు నెలలకు సరిపడా అత్యవసర నిధి అంటే 10,650 ఉండాలి. మీ దగ్గరున్న 7,000 రెండు నెలలకు కూడా పూర్తిగా సరిపోదు. చిన్న పాప, ఇంటి రుణం ఉన్న కుటుంబానికి ఇది తక్కువ. అందుకని మిగులులో 150 గ్లైడింగ్‌కు తీసుకుని, తక్కిన 150కి ఐసాలో వేసే 250 నుంచి మరో 150 కలిపి, నెలకు 300 అత్యవసర నిధిలో వేయండి. లోటు 3,650 ఏడాదికి కాస్త పైగా పూడుతుంది. ఆ తరవాత ఐసా పొదుపును మళ్లీ 250కి తీసుకురండి. అమ్మానాన్నలకు పంపే 300 మాత్రం ఈ సర్దుబాట్లలోకి రానే రాకూడదు. రూపాయి మారకం విలువ బాగున్న నెలలో కాస్త తగ్గించి పంపుదామన్న ఆలోచన కూడా వద్దు.

సభ్యత్వం 540 ఒకేసారి కట్టాల్సి వస్తే నెలవారీ డైరెక్ట్ డెబిట్ సౌకర్యం ఉందేమో క్లబ్‌ను అడగండి. లేకపోతే రెండు నెలల మిగులు కూడబెట్టి జనవరిలో చేరండి గానీ, క్రెడిట్ కార్డు మీద బాకీ నిలిపి చేరవద్దు. ఒంటరిగా ఎగిరే దశ వరకు మొత్తం శిక్షణకు ఒకే ధర అనే ప్యాకేజీలను చాలా క్లబ్‌లు ఇస్తాయి. గడువు ఎంత, వాతావరణం వల్ల పోయిన రోజులకు పొడిగింపు ఉందా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వస్తేనే ఆలోచించండి. వంద పౌండ్లకు మించిన చెల్లింపు క్రెడిట్ కార్డుతో చేసి ఆ నెలలోనే తీర్చేస్తే, క్లబ్ మాట తప్పినప్పుడు కార్డు కంపెనీని కూడా డబ్బు అడిగే హక్కునిచ్చే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని 75వ సెక్షన్ మీకు అండగా ఉంటుంది. బ్యాంకు బదిలీకి ఆ రక్షణ లేదు.

బీమా విషయంలో మీకున్న మూడు రక్షణలను విడివిడిగా చూడాలి. ఇండియాలో మీరు తీసుకున్న 25 లక్షల ఎల్ఐసీ పాలసీకి యాక్సిడెంట్ బెనిఫిట్ రైడర్ ఉందని రాశారు. ఆ రైడర్ షరతుల్లో మినహాయింపుల భాగం తీసి చూడండి. ప్రయాణికుడిగా తప్ప మరే హోదాలోనైనా విమానయానంలో పాల్గొంటున్నప్పుడు జరిగిన ప్రమాదానికి అదనపు మొత్తం చెల్లించబోమని, ఆ ప్రయాణం కూడా ప్రయాణికులను తీసుకెళ్లే అనుమతి ఉండి, గుర్తింపు ఉన్న విమానాశ్రయాల మధ్య నడిచే విమానంలోనిదై ఉండాలని సాధారణంగా అందులో ఉంటుంది. పక్కన బోధకుడు ఉన్నా నేర్చుకునే వ్యక్తి ప్రయాణికుడి కిందికి రాడనే భావించి లెక్క వేసుకోవడం క్షేమం. అందువల్ల మీ కుటుంబ రక్షణ లెక్కలో రైడర్ మొత్తాన్ని సున్నాగా తీసుకోండి. అసలు పాలసీ మొత్తం సంగతి వేరు. దానికి సంబంధించి మీ పత్రంలో విమానయానంపై ప్రత్యేక షరతు ఏదైనా చేర్చారేమో శాఖకు ఉత్తరం రాసి జవాబు దగ్గర పెట్టుకోండి.

రెండోది ఇక్కడ ఇంటి రుణంతోపాటు తీసుకున్న జీవిత బీమా. దరఖాస్తులో ప్రమాదకరమైన సరదాల గురించీ, ప్రయాణికుడిగా కాకుండా విమానంలో ఎగరడం గురించీ సాధారణంగా ప్రశ్న ఉంటుంది. అప్పటికి మీకు ఈ ఆలోచనే లేక ‘లేదు’ అని నిజాయతీగా రాసి ఉంటే, 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం చూసేది ఒప్పందానికి ముందు మీరిచ్చిన జవాబులనే కాబట్టి, తరవాత మొదలుపెట్టిన సరదా వల్ల పాలసీ సాధారణంగా చెల్లకుండా పోదు. కానీ పాలసీలోనే విమానయానానికి మినహాయింపు ఉంటే అది వేరే సంగతి. అందుకే కంపెనీకి ఈమెయిల్ పంపి రాతపూర్వక జవాబు తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. ముఖ్యంగా ఒక జాగ్రత్త: ప్రీమియం తక్కువని ఎవరైనా ఆశ చూపితే ఈ పాలసీని రద్దు చేసి కొత్తది తీసుకోకండి. కొత్త దరఖాస్తులో గ్లైడింగ్ సంగతి తెలపక తప్పదు, దాంతో ప్రీమియం పెరగవచ్చు లేదా ఎగిరేటప్పుడు జరిగే మరణానికి రక్షణే లేకుండా పోవచ్చు.

మూడోది మీ కంపెనీ ఇచ్చే డెత్ ఇన్ సర్వీస్ రక్షణ. అది ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది గనుక ఉద్యోగం మారిన రోజున అది మీతో రాదు. క్లబ్ బీమా విషయానికొస్తే, అది ప్రధానంగా ఇతరులకు కలిగే నష్టానికీ, గ్లైడర్‌కూ ఉద్దేశించినది. మీ కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో ఉండాల్సి వస్తే దాని నుంచి మీకు జీతం రాదు. కంపెనీ అనారోగ్య సెలవులో ఎన్ని వారాలు పూర్తి జీతం ఇస్తుందో హెచ్ఆర్‌ను అడిగి తెలుసుకోండి. గ్లైడర్ దెబ్బతింటే సభ్యుడు ఎంతవరకు భరించాలో క్లబ్‌ను అడగండి.

మిత్రుడు ఇస్తానన్న వాటా ఒంటరి సీటు గ్లైడర్‌ది. మీరింకా సోలో కాలేదు, అంటే బోధకుడు లేకుండా ఒంటరిగా ఎగిరే దశకు రాలేదు, కాబట్టి దాన్ని నడపడానికి మీకు అర్హత రావడానికి చాలా నెలలు పడుతుంది. సోలో అయ్యాక కూడా గ్లైడర్ బీమా కంపెనీ, మిగతా ముగ్గురు వాటాదార్లు ఇంత అనుభవం ఉండాలని షరతు పెడతారు. ఈలోగా మీ 3,000 పౌండ్లు ట్రైలర్‌లో మూలపడి ఉంటాయి, బీమాకూ వార్షిక తనిఖీకీ మీ వంతు ఖర్చు మాత్రం ఆగదు. గ్లైడింగ్ నైపుణ్యానికి గుర్తింపుగా ఇచ్చే సిల్వర్ బ్యాడ్జికి కావలసిన 50 కిలోమీటర్ల ప్రయాణం, అయిదు గంటల ఫ్లైట్, వెయ్యి మీటర్ల ఎత్తు పెరుగుదల మీద దృష్టి పెట్టే దశకు వచ్చినప్పుడు వాటా గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడైనా ఒకరు బయటికి వెళ్లాలంటే వాటాను ఎవరు, ఏ ధరకు కొంటారన్నది కాగితం మీద ఉండాలి.

రోజంతా మైదానంలో ఉండి గ్లైడర్లు తోయడం, లాంచ్‌ల పద్దు రాయడం, తాడు లాక్కురావడం సభ్యుడి పనిలో భాగమే కనుక, మీరు వెళ్లిన ప్రతి రోజూ పాప బాధ్యత పూర్తిగా మీ భార్య గారిదే అవుతుంది. మీరు వెళ్లే ప్రతి రోజుకూ బదులుగా ఆమెకు తనదంటూ ఒక రోజు క్యాలెండరులో రాసిపెట్టండి. ఆ రోజు పెట్టుకునే ఖర్చును కూడా పద్దులో చేర్చండి.

స్థిర వడ్డీ గడువు ఆగస్టులో ముగుస్తుంది కాబట్టి ఫిబ్రవరి నుంచే కొత్త రేట్లు అడగడం మొదలుపెట్టండి. చాలా బ్యాంకులు కొన్ని నెలల ముందుగానే రేటును ఖాయం చేసుకోనిస్తాయి. మార్చి ఆఖరున కొత్త వాయిదా ఎంతో, చలికాలంలో నిజంగా ఎంత ఖర్చయిందో పక్కపక్కన రాసుకుని వేసవి సంగతి నిర్ణయించండి. వాయిదా 50 పౌండ్ల లోపు పెరిగితే ఆ పెరుగుదలను ఐసా పొదుపు నుంచి సర్దుకుని వించ్ లాంచ్‌లతో వేసవి గడపవచ్చు. 150కి మించి పెరిగితే సభ్యత్వాన్ని మాత్రం ఉంచుకుని ఎగిరే రోజులను నెలకు ఒకటికి తగ్గించండి. ఏ సందర్భంలోనూ అత్యవసర నిధిలో వేసే 300 మాత్రం తగ్గకూడదు.