పాత ఎస్టేట్ కారును హాట్ రాడ్ చేయాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాత కొన్న అంబాసిడర్ ఎస్టేట్ (టాపు వెనక డిక్కీ దాకా ఉండే కారు) యాభై ఏళ్లు దాటి కొట్టంల పడి ఉంది. ఆర్సీ మా నాయిన పేరు మీద ఉంది. కిందికి దించి, పెద్ద ఇంజన్ వేసి హాట్ రాడ్ లెక్క చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలె? (దేవరకొండ)

ఆర్సీ దగ్గర. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి ఇంజన్ కొనకముందే రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి. వేసిన ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కాలి. రంగు మారిస్తే అదీ ఎక్కాలి.

మీ బండికి ఇంకో దారి కూడా ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పాత నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదయ్యే వాటికి 'వీఏ' సిరీస్ ఇస్తారు. అయితే చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు చేస్తే ఆ అర్హత పోతుంది. పైగా వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. హాట్ రాడ్, వింటేజ్ రెండూ ఒకే బండికి కుదరవు. మేమైతే టాపు కోయడం, బాడీ కత్తిరించడం జోలికి పోవద్దంటాం. బోల్టులు విప్పితే మళ్లీ పాత రూపం వచ్చే మార్పులే చేయించండి.

ప్రశ్న: ఫ్లోరు, డోర్ల కింది భాగం తుప్పు పట్టాయి. పైన రేకు అతికి లప్పం పెడితే చాలంటున్నాడు మా డెంటర్. నిజమేనా? (సూర్యాపేట)

చాలదు. హాట్ రాడ్ అనేది 1932 నాటి ఫోర్డ్ లాంటి బండ్లతో అమెరికా కుర్రాళ్లు మొదలుపెట్టిన పని. వాటికి కింద వేరే ఫ్రేమ్ ఉంటుంది, బాడీ ఎంత కోసినా ఆ ఫ్రేమ్ బరువు మోస్తుంది. అంబాసిడర్‌కు అలాంటి ఫ్రేమ్ లేదు. బాడీయే చాసిస్. డోర్ల కింద నిలువునా పోయే పెట్టెలాంటి భాగం, అంటే సిల్, తుప్పు తింటే బండి నడుము విరిగినట్టే.

ముందు మ్యాట్లన్నీ పీకేయండి. సన్నని స్క్రూడ్రైవర్‌తో సిల్ అడుగున, జాకీ పెట్టే చోట, వెనక కమాన్ పట్టీలు తగిలించిన బ్రాకెట్ల చుట్టూ, స్టెప్నీ గుంటలో, వెనక డోరు కింది అంచున పొడవండి. మంచి రేకు టంగుమంటుంది. తినేసిన రేకు బిస్కెట్ లాగా లోపలికి దిగి, గోధుమరంగు పొడి రాలుతుంది. రంగు పైకి నున్నగా ఉన్నా సరే, కాగితం చుట్టిన అయస్కాంతం అంటుకోని చోట కింద ఉన్నది లప్పమే.

సిల్ కోసే ముందు బండిని సమంగా ఉన్న నేల మీద నాలుగు స్టాండ్లపై నిలబెట్టండి. డోర్లు తీసేసి, ఒక్కో డోరు ఖాళీలో 25 మి.మీ. చదరపు పైపు అడ్డంగా వెల్డింగ్ చేయించండి. ఈ పని ఎగ్గొడితే బాడీ కుంగుతుంది, ఆ తర్వాత డోరు పడదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. బ్యాటరీ వైర్లు విప్పి, పెట్రోలు ట్యాంకు దించి పక్కన పెట్టండి.

తుప్పు రేకును గట్టి రేకు తగిలేదాకా కోసి, 1.2 మి.మీ. (18 గేజి) సీఆర్, అంటే కోల్డ్ రోల్డ్ స్టీలు రేకు వేయించండి. వెల్డింగ్ మిగ్ (గన్నులోంచి వైరు వస్తూ అతికే కరెంటు వెల్డింగ్)తోనే కావాలి, గ్యాస్ వేడికి రేకు అలలు అలలుగా లేస్తుంది. ఒక అంగుళం ఇక్కడ, మరో అంగుళం దూరంగా, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి. చివర్లో సిల్ లోపల మైనం స్ప్రే కొట్టించండి. నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయకండి, చాలా బండ్లలో తుప్పు మొదలయ్యేది అవి పూడుకుపోయాకే. లప్పం 3 మి.మీ. దాటితే రెండు ఎండాకాలాల్లో బీటలిస్తుంది.

ప్రశ్న: కొత్త మోడల్ నుంచి ముందు డిస్క్ బ్రేకులు తెచ్చి వేయించాను. మాస్టర్ సిలిండర్ పాతదే. ఐదు కిలోమీటర్లు పోగానే ముందు చక్రాలు కాలుతున్నాయి, బండి బిగుసుకుపోతోంది. (జడ్చర్ల)

పెద్ద ఇంజన్ కంటే ముందు బ్రేకులు చేయించారు, వరుస మంచిదే. తప్పు మాస్టర్ సిలిండర్‌ది, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాలకు నెట్టే భాగానిది కావచ్చు. డ్రమ్ బ్రేకుల కాలం మాస్టర్‌లో సాధారణంగా ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలినా పైపులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. డ్రమ్‌లో స్ప్రింగు షూలను వెనక్కి లాగుతుంది కాబట్టి ఆ ఒత్తిడితో నష్టం లేదు. డిస్క్‌లో అలా లాగే స్ప్రింగు లేదు. ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి, వేడికి ఫ్లూయిడ్ ఉబ్బి ఇంకా బిగుస్తాయి.

ఊహించడం వద్దు, పట్టుకోండి. బండి బిగుసుకున్నప్పుడు చక్రాలకు అడ్డం పెట్టి ఇలా చూడండి. మొదట మాస్టర్‌ను పట్టి ఉంచిన నట్లను రెండు చుట్లు వదులు చేయండి. చక్రం తిరిగితే పుష్‌రాడ్‌కు (పెడల్ నుంచి మాస్టర్‌ను నెట్టే కడ్డీకి) ఖాళీ లేదని అర్థం, సుమారు ఒక మి.మీ. ఆట ఇవ్వండి. తిరగకపోతే మాస్టర్ నుంచి వచ్చే పైపు యూనియన్ వదులు చేయండి. అప్పుడు తిరిగితే వాల్వే కారణం. అప్పటికీ తిరగక, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మీది గాలి తీసే నిపుల్ విప్పినప్పుడే ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలితే రబ్బరు హోస్ లోపల వాచిపోయింది. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, నమ్మకండి. నిపుల్ విప్పినా వదలకపోతే కాలిపర్ పిస్టనే పట్టేసింది.

వాల్వు తేలితే దాన్ని మాత్రమే పీకేసి ఊరుకోవద్దు. డిస్క్ మోడల్‌ది రెండు సర్క్యూట్ల (రెండు విడి లైన్ల) మాస్టర్, పెడల్ బలాన్ని పెంచే బూస్టర్‌తో సహా వేయించండి. మాస్టర్ ఫ్లోరు కింద ఉండే పాత అమరికే ఉంచితే ముందు లైనులో 2 పీఎస్ఐ, వెనక డ్రమ్ లైనులో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపే వాల్వులు విడిగా కావాలి. పైపులు స్టీలువి, డబుల్ ఫ్లేర్ చేసినవి (మూతి అంచు రెండు మడతలుగా విచ్చినవి) వాడండి. గాలి తీసేటప్పుడు మాస్టర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి. బ్రేకు డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిల్ పోసి ఉంటే కడిగితే పోదు, రబ్బర్లన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: 1.8 ఇసుజు ఇంజన్ వేశాం, అనుమతి తీసుకునే. ఏప్రిల్ ఎండలో రేడియేటర్ మరుగుతోంది. కొన్నిసార్లు మరగకుండానే ఆగిపోయి, అరగంట తర్వాత దానంతటదే స్టార్టవుతోంది. (మర్రిగూడ)

ఇవి రెండు జబ్బులు. మరగడానికి మొదటి అనుమానం బోరు నీళ్లు. మీ వైపు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ రేడియేటర్‌ను పూడ్చేది నీటి కాఠిన్యం. ఇంజన్ వేడెక్కాక ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచాక రేడియేటర్ ముందు భాగాన్ని పైనుంచి కిందికి జాగ్రత్తగా తడమండి. మధ్యమధ్య చల్లగా తగిలే చోట్ల గొట్టాలు మూసుకున్నాయి. పది లీటర్ల నీళ్లలో అరకిలో నిమ్మ ఉప్పు కలిపి పోసి, అరగంట ఇంజన్ నడిపి, తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. మెకానిక్ యాసిడ్ పోస్తానంటే ఒప్పుకోకండి, ఇత్తడి రేడియేటర్ టంకం కరిగిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. పాత 1489 సీసీ ఇంజన్‌కు చేసిన రేడియేటరే ఉంచారా? 1817 సీసీకి అది చాలదు, గొట్టాల వరుస ఒకటి ఎక్కువ ఉన్న కోర్ వేయించండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేయడం పరిష్కారం కాదు, చలికాలంలో ఇంజన్ వేడెక్కక అరుగుతుంది.

అరగంట ఆగితే స్టార్టయ్యేది పెట్రోలు ఆవిరి పట్టడం. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. పంపుకు, సైలెన్సర్ పైపుకు మధ్య రేకు కవచం పెట్టి, పెట్రోలు పైపును వేడికి దూరంగా మళ్లించండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి. ప్లగ్గులు తెల్లగా కాలుతుంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి.

ప్రశ్న: వెనక కమాన్ పట్టీలను గ్యాస్‌తో కాల్చి దించారు. అరవై దాటితే కింద వణుకు. (గద్వాల)

కాల్చిన పట్టీలు పదును పోయినవి, మార్చేయండి. దించాలంటే రెండు అంగుళాల దిమ్మెలు, వాటికి సరిపడా పొడుగు యూ బోల్టులు వేయాలి. దించినప్పుడు యాక్సిల్ మూతి కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు సమంగా తిరగవు, వణుకు అక్కడిది. పట్టీకి, యాక్సిల్‌కు మధ్య చీలిక ఆకారపు ముక్క పెట్టి కోణం సరిచేయించండి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు రెండు అంగుళాలే ఎక్కువ.

ప్రశ్న: వెనక డిక్కీ భాగంలో పిల్లలకు అడ్డ సీట్లు పెట్టించవచ్చా? (హాలియా)

వద్దు. పక్కకు తిరిగి కూర్చున్న పిల్లలకు బెల్టు పనిచేయదు. పిల్లలు డ్రైవరు వెనక వరుస సీటులో, ముందుకు చూసి కూర్చోవాలి. బెల్టు బోల్టు 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న మర) రకానిదే కావాలి. ఫ్లోరు కింద 3 మి.మీ. మందం, 50 x 75 మి.మీ. ప్లేటు పెట్టకుండా ఉత్త రేకుకు బిగిస్తే గుద్దుకున్నప్పుడు బోల్టు రేకుతో సహా ఊడొస్తుంది.