అమ్మడూ, ఆ స్పెసిఫికేషన్ మొదలెట్టే ముందు ఇది చదువు

రిక్వైర్‌మెంట్స్, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో చెప్పే రూల్స్, రాయడానికి ఫార్మల్ మెథడ్స్, అదే రూల్స్‌ని లెక్కల్లా లాజిక్‌లో రాసి తనిఖీ చేసే పద్ధతి, వాడదామని మీ మేనేజర్‌ని ఒప్పించావట కదా, మీ అమ్మ చెప్పింది. ఎంత మురిసిపోయానో అంత గాభరా పడ్డాను, ఎందుకంటే నీ సంగతి నాకు తెలుసు, డాక్యుమెంట్ మొత్తాన్ని లాజిక్‌లోకి మార్చేదాకా నిద్రపోవు. వద్దు తల్లీ. తప్పు జరిగితే కొంప మునిగే ముక్క ఒక్కటి తీసుకో, మిగతాది మామూలు మాటల్లోనే ఉండనీ.

టూల్ ఏదైనా పర్లేదు. అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి టీఎల్ఏ ప్లస్ అనే స్పెసిఫికేషన్ భాష వాడుతున్నారు, రెండు మూడు వారాల్లో పనికొచ్చేంత వచ్చేసిందని వాళ్లే రాశారు, నీకూ వస్తుంది.

నా భయం వేరే. 1993 సెప్టెంబర్ 14న వార్సాలో ఒక ఏ320 విమానం వర్షంలో దిగింది. దిగాక వేగం తగ్గించడానికి ఇంజిన్ తోపుని ముందుకి మళ్లించే రివర్స్ థ్రస్ట్, రెక్కల మీద లేచే పలకలు, అదే స్పాయిలర్లు, గాల్లో ఉండగా పొరపాటున కూడా తెరుచుకోకూడదు, మంచి రూలే. మరి నేల మీదున్నామని విమానానికి ఎలా తెలియాలి? రెండు వైపులా చక్రాల మీద బరువు పడాలి, స్పాయిలర్లకైతే చక్రాలు జోరుగా తిరిగినా చాలు అన్నారు. ఆ రోజు ముందు ఒక వైపు చక్రమే ఆనింది, రన్‌వే మీద నీళ్లకి చక్రాలు సరిగ్గా తిరగలేదు. విమానం రన్‌వే దాటి గట్టుకి గుద్దుకుంది, ఇద్దరు పోయారు. గాలి, ఎక్కువ స్పీడు కూడా కారణాలే, కాదనను. కానీ సాఫ్ట్‌వేర్ రాసిందే చేసింది చూడు! ఆ రూల్‌ని ఏ మోడల్ చెకర్‌కి, అంటే లాజిక్‌లో రాసిన రూల్స్‌ని తనిఖీ చేసే టూల్‌కి, ఇచ్చినా ఓకే అనే అంటుంది, రన్‌వే మీద నీళ్ల సంగతి దానికెవరు చెప్పారు?

అందుకని ప్రతి రూల్ పక్కన బయట ఏం జరుగుతుందని నమ్ముతున్నావో విడిగా రాయి. అది కోడ్ రాసేవాళ్లకి కాదు, ఆ పని రోజూ చేసేవాళ్లకి చూపించు. లాజిక్ సింబల్స్ చూపించావంటే మర్యాదకి తలూపి సంతకం పెట్టేస్తారు, అంతకంటే ప్రమాదం లేదు. టేబుల్ గియ్యి. 1978లోనే అమెరికా నేవీ వాళ్లు ఏ-7 విమానం రిక్వైర్‌మెంట్స్ టేబుల్స్‌లో రాస్తే పైలట్లే చదివి తప్పులు పట్టారు. ఉదాహరణకి నీ టేబుల్‌లో అడ్డంగా పేమెంట్ అయింది, కాలేదు, పెండింగ్ అని పెట్టు, నిలువుగా క్యాన్సిల్ నొక్కారు, నొక్కలేదు. పెండింగ్‌లో ఉండగా క్యాన్సిల్ నొక్కిన గడి ఖాళీగా కనిపిస్తుంది, అక్కడే బిల్లింగ్ వాళ్లూ సపోర్ట్ వాళ్లూ కొట్టుకుంటారు, కొట్టుకోనీ, నువ్వు రాసుకో.

రూల్ మారిన రోజే లాజిక్‌లో రాసిన మోడల్ కూడా మార్చు, తర్వాత చూద్దాంలే అనకు. మొదటి టేబుల్ నాకు పంపు, తిట్టాల్సినవి తిడతాను. అర్ధరాత్రిళ్లు మేలుకుని చెయ్యకే, కళ్లు పాడవుతాయి.

మీ పెద్దమ్మ