స్లీప్ ఆప్నియాకు పళ్ల డాక్టర్ ఇచ్చే పరికరం ఎవరికి పనికొస్తుంది?

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడం. దానికి వాడే సీప్యాప్ (గాలిని ఒత్తిడితో గొంతులోకి పంపే యంత్రం) మాస్కు పెట్టుకుని నిద్రపోలేనివాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కొందరికి నిజంగానే బాగా పనిచేస్తుంది, అందరికీ కాదు.

అదేం చేస్తుందో తెలియాలంటే అద్దం ముందు నిలబడి కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరపండి. నాలుక కూడా దాంతోపాటు ముందుకొస్తుంది, గొంతు వెనక గాలి దారి కాస్త తెరుచుకుంటుంది. పళ్లకు తొడుక్కునే ఈ పరికరం రాత్రంతా దవడను అలాగే పట్టి ఉంచుతుంది.

కాబట్టి నిద్రలో గొంతు మూసుకుపోవడం వల్ల వచ్చే ఆప్నియాకే ఇది. మెదడు నుంచి సంకేతం అందక ఊపిరి ఆగే రకానికి ఉపయోగం లేదు. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) రిపోర్టులో ఏహెచ్ఐ చూడండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె అది. 5 నుంచి 30 లోపు ఉన్నవాళ్లకు, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పడేవాళ్లకు, మరీ లావు లేనివాళ్లకు ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. 30 దాటితే ముందు సీప్యాపే. అది ఎంతకీ పడకపోతే, ఏమీ వాడకుండా ఉండటం కన్నా ఇది నయం.

పళ్లు కదులుతున్నా, చిగుళ్ల జబ్బున్నా, దవడ కీలు నొప్పి ఉన్నా, పట్టు దొరికేన్ని పళ్లు లేకపోయినా కష్టం. ఏళ్ల తరబడి వాడితే పళ్ల కూర్పు కొంచెం మారవచ్చు కూడా.

ఒక్కటి మాత్రం దయచేసి వదలొద్దు: పరికరం పెట్టుకుని మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకోండి. గురక ఆగినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గిందని కాదు.