చదువుల రేవు: ఏడో తరగతి దగ్గర ఆగిన చదువు

(పెద్దవాళ్ళ చదువు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, కోనసీమలో ఏళ్ళ తరబడి వయోజన విద్యలో పనిచేసిన టీచరు గారి జవాబులు)

ప్రశ్న: టీచరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర కాలవగట్టు మీద ఎరుకల పేట. నా వయసు 34. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. ఏడో తరగతి పాసయ్యాను. ఎనిమిదిలో చేరి నెల తిరక్కుండానే మానేశాను. పందుల వాసన వస్తోందని క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు మా సెంటరులో కార్యకర్త గారు రిటైరవబోతున్నారు. ఆ పోస్టుకి టెన్త్ పాసయి ఉండాలన్నారు. మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. తల్లీకూతుళ్ళు ఒకేసారి టెన్త్ రాస్తే ఊళ్ళో నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. లెక్కలంటే భయం, ఇంగ్లీషు అసలే రాదు. ఇంట్లో మేం మా ఎరుకల వాళ్ళ కుర్రు భాషే మాట్లాడుకుంటాం. నా వల్ల అవుతుందాండి?
— ఒక సోదరి, రాజోలు ప్రాంతం

జవాబు: అవుతుందమ్మా. ఎలాగో చెప్తాను. దానికి ముందు నీ ఉత్తరంలో ఒక మాట దిద్దాలి. "మానేశాను" అని రాశావు. పక్కన ఎవరూ కూర్చోని బెంచీ మీద పన్నెండేళ్ళ పిల్ల ఎన్నాళ్ళు కూర్చోగలదు? నిన్ను మానిపించారు. ఈ తేడా నీకు గట్టిగా తెలిసి ఉండాలి. రేపు పుస్తకం తెరిచాక అర్థం కాని పాఠం ఒకటి వస్తుంది. "నాకు చదువు రాదు, అందుకే అప్పుడు మానేశాను" అని మనసు చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు ఈ మాట గుర్తు చేసుకో.

1979లో అమలాపురం దగ్గర ఒక ఎరుకల పేటలో నాకు మొదటి రాత్రి బడి అప్పగించారు. అంతకు ముందు ఏడాది అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. కేంద్రానికి ముప్పై మంది, పది నెలల చదువు, చెప్పేవాళ్ళకి నెలకి 50 రూపాయలు. ఒక లాంతరు, పలకలు, నల్లబల్ల, హాజరు రిజిస్టరు ఇచ్చారు. మొదటి రాత్రి పేట పేటంతా వచ్చి కూర్చున్నారు. నేను రిజిస్టరు తెరిచి ఒక్కొక్కరి పేరూ అడిగాను. మర్నాడు ఒక్కరూ రాలేదు. మూడు రాత్రులు లాంతరు ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను.

నాలుగో రోజు ఒక ముసలాయన ఈత బుట్ట అల్లుకుంటూ సంగతి చెప్పాడు. తెల్లదొరల కాలంలో ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్థులని చట్టంలో రాశారు. 1911 చట్టం కింద పేర్లు రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, పోలీసుల దగ్గర హాజరు వేయించుకునేవారు. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయిపోయింది. కానీ ఆయన వేలికి మాత్రం ఆ సిరా ఇంకా గుర్తుంది. "పుస్తకంలో పేరెక్కితే మళ్ళీ పిలుస్తారు తల్లీ" అన్నాడు.

ఆ రాత్రి నుంచి రిజిస్టరు ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. జనం వచ్చారు. రెండు నెలలకి కొందరికి పేరు రాయడం వచ్చింది. అప్పుడు రిజిస్టరు తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఎవరి పేరు వాళ్ళే రాసుకున్నారు. ఆ ముసలాయన తన పేరు రెండుసార్లు రాశాడు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఖాళీ పేజీలు చూసి నన్ను అందరి ముందూ నిలబెట్టి మాటలన్నాడు. ఆ రెండు నెలల డబ్బూ రాలేదు. అయినా నేను చేసింది సరైన పనే. బడి అంటే మీవాళ్ళకి ఉన్న బెదురు నీతో మొదలైంది కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇక పని సంగతి. నీకు రెండు దారులున్నాయి. ఒకటి మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం, ఓపెన్ స్కూల్ అంటారే, అది. రెండోది జాతీయ సార్వత్రిక విద్యాలయం, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్. పద్నాలుగేళ్ళు నిండిన ఎవరైనా టెన్త్‌కి కట్టొచ్చు. ఎనిమిది, తొమ్మిది చదివిన సర్టిఫికెట్లు అక్కర్లేదు. రాష్ట్ర ఓపెన్ స్కూల్‌కి చాలాచోట్ల ప్రభుత్వ హైస్కూళ్ళే స్టడీ సెంటర్లు, ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. ఆయా పని చేసుకునే నీకు అది వీలు. ఎప్పుడు చేర్చుకుంటారో మీ దగ్గరి హైస్కూల్లో హెడ్మాస్టరు గారిని అడిగి ఉంచుకో. ఫీజులో ఎస్టీలకి, ఆడవాళ్ళకి రాయితీ ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం చేతిలో ఉంచుకో.

ఒక్క జాగ్రత్త. అప్లికేషన్ పెట్టకముందే ఆధార్‌లో నీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో. మన పేటల్లో చాలామందికి ఆధార్ తీసిన రోజు తోచిన తేదీ వేసేశారు, జనవరి 1 అని. టెన్త్ మెమో మీద ఏ తేదీ పడితే రేపు ప్రతి ఆఫీసులో అదే నీ పుట్టినరోజు. ముందు అది దిద్దించుకుని తర్వాత ఫారం నింపు.

ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని నియమం లేదు. ఎన్.ఐ.ఓ.ఎస్. అయితే ఒకసారి చేరితే ఐదేళ్ళు గడువు, తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. వాళ్ళ పరీక్షలు ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. మన దగ్గర ఏప్రిల్ అంటే దాళ్వా కోతలు, నవంబరు అంటే సార్వా కోతలు! ఈ తేదీలు వేసినవాళ్ళకి మన పొలాలు గుర్తుండవు, నీకు గుర్తుండాలి. ఏ కోతల్లో మీ ఇంటి మీద పని తక్కువ పడుతుందో చూసుకుని అప్పుడు మూడు రాయి, మిగతావి తర్వాత రాయి.

ఏడు నుంచి పదికి ఒక్కసారి దూకితే మాత్రం కాలు జారుతుంది. మీ అమ్మాయి ఎనిమిదో తరగతి పుస్తకాలు ఇంట్లో ఉండే ఉంటాయి. రెండు నెలలు అవే చదువు, లెక్కలూ సైన్సూ. ఇప్పటి మన స్కూలు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ చదివాక ఎదుటి పేజీలో నీకు తెలిసిన మాటలు వెతుక్కో. ఎన్.ఐ.ఓ.ఎస్.లో తెలుగు ఒక్క భాషతోనే టెన్త్ పూర్తిచేయొచ్చు, కాబట్టి ఇంగ్లీషు కోసం ఆగిపోవద్దు. ఇంట్లో కుర్రు భాష, వీధిలో తెలుగు చిన్నప్పటి నుంచీ మాట్లాడుతున్నావు. రెండు భాషలు నేర్చిన నాలుకకి మూడోది రాదని ఎవరన్నారు?

ఎన్.ఐ.ఓ.ఎస్.లో లెక్కలు కూడా తప్పనిసరి కాదు, గృహ విజ్ఞానం లాంటివి తీసుకోవచ్చు. కానీ నా మాట విని లెక్కలు తీసుకో. రేపు ఇంకో కోర్సు చదవాలనిపిస్తే లెక్కలు అడుగుతారు. పైగా నీకు లెక్కలు వచ్చు. డ్వాక్రాలో నూటికి రూపాయి వడ్డీ అంటే ఏమిటి? వందకి నెలకో రూపాయి. పదివేలు తీసుకుంటే నెలకి వంద, ఏడాదికి 1,200. పుస్తకంలో "సంవత్సరానికి 12 శాతం బారువడ్డీ" అని రాసి భయపెట్టేది దీన్నే. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే అది 36 శాతం. బుట్ట మూతికి చుట్టే బద్ద ఎంత పొడుగు కొయ్యాలో మీ అమ్మని అడుగు. మూతి వెడల్పుకి మూడింతలు, పైన కాస్త అంటుంది. ఆ "మూడింతలు, పైన కాస్త" అన్నదే పుస్తకంలో 22/7. పేటలో బుట్టలల్లే ఆడవాళ్ళ ముందు నేను ఈ పాఠం చెప్పిన రోజు, నాకంటే ముందే వాళ్ళు జవాబు చెప్పేశారు.

మీ అమ్మాయి సంగతి. దాన్ని నీకు టీచర్ని చెయ్యి. తొమ్మిదో తరగతి పిల్ల అమ్మకి పాఠం చెప్పాలంటే ముందు తను బాగా చదువుకోవాలి కదా! ఊళ్ళో నవ్వేవాళ్ళు ఎలాగూ ఉంటారు, ఎనిమిదో తరగతిలో కూడా ఉన్నారు. అప్పుడు నీ పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు నీ కూతురుంది.

పోస్టు గురించి నిజం చెప్పాలి. చేరడం, పరీక్ష, ఫలితం అయ్యేసరికి ఏడాది దగ్గర పడుతుంది. ఈ ఖాళీ నీకు అందకపోవచ్చు. అర్హత, వయసు పరిమితి నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంటాయి. అంగన్‌వాడీలని చూసే మీ ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసుకి వెళ్ళి, ఆయాలకి ప్రమోషన్ ఎలా ఇస్తారో కాగితం చూపించమని అడుగు, నోటిమాట వద్దు. ఈ ఖాళీ పోయినా టెన్త్ మెమో ఉంటే తర్వాతి దానికి నువ్వు వరసలో ఉంటావు.

ప్రశ్న: మేడమ్, నేను భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద ఉండే యానాది కుటుంబాలకి ఉల్లాస్ (చదువు రాని పెద్దవాళ్ళకి చదువు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) వాలంటీరుగా రాత్రి ఏడింటికి క్లాసు చెప్తున్నాను. పదిహేను మంది పేర్లిచ్చారు, ముగ్గురు కూడా రావట్లేదు. వాళ్ళకి ఆసక్తి లేదనిపిస్తోంది. మానెయ్యనా?
— ఒక విద్యార్థి

జవాబు: మానెయ్యకు బాబూ, టైము మార్చు. ఏడింటికి చెరువు గట్టు మీద ఏం జరుగుతుందో ఒక రోజు వెళ్ళి చూడు. వంట, పిల్లలు, ఆ తర్వాత కాపలా. రొయ్యల చెరువైతే రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవాలి, తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు పడిపోయి సరుకు పోతే కాపలావాడినే అడుగుతారు. ఆ మనిషి నీ క్లాసులో కూర్చుని ఆవులిస్తే అది ఆసక్తి లేకపోవడం కాదు. పొద్దుటి మేత వేయడం అయిపోయాక, మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరుకుతుంది. ఏ వేళ వీలో వాళ్ళనే అడుగు. నువ్వు కాలేజీలో ఉండే రోజుల్లో, ఆ గుడిసెల్లో నాలుగైదు తరగతులు చదివిన పిల్ల ఎవరైనా ఉంటే పలక ఆ పిల్లకివ్వు.

రెండో సంగతి, "అ అంటే అమ్మ" దగ్గర మొదలుపెట్టకు. నలభై ఏళ్ళ మనిషి చేతికి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే సిగ్గుపడతాడు. "వల" అని రాయి. వలంటే ఏమిటో వాళ్ళకి నువ్వు చెప్పక్కర్లేదు, నీకే వాళ్ళు చెప్తారు. ఆ రెండక్షరాలతోనే "వెల" వస్తుంది, "వేలు" వస్తుంది. వేలిముద్ర వేసే వేలూ అదే, వేల రూపాయల వేలూ అదే. నేను ఈ మాట రాసినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు, పనిలో చేరేటప్పుడు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు సంగతి ఎత్తేవారు. ఎంత తీసుకున్నారు, కాగితం మీద ఎంత రాసుకున్నారు, వేలిముద్ర వేసేటప్పుడు అక్కడ అంకె ఉందా, ఖాళీగా ఉందా. మూడో వారానికల్లా వాళ్ళకి అంకెలు చదవడం రావాలి. మేత బస్తా మీద బరువు, ధర, తేదీ చదివించు. అప్పు పేరు చెప్పి మనిషిని పనికి కట్టిపడేయడం 1976 చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పు. మెల్లగా, చెరువు యజమాని మనుషులు లేనప్పుడు చెప్పు. దాని వల్ల వాళ్ళకి ఇబ్బంది రాకూడదు.

మీ తరానికి తెలియదేమో, నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాలు వాళ్ళ ఇంటి కష్టం గురించినవి కాబట్టే అంత పట్టాయి.

ఉల్లాస్ పరీక్ష గురించి కంగారు వద్దు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 మార్కులు, మొత్తం 150. అంకెలు, బస్తా మీద అక్షరాలు చదివేవాళ్ళు ఆ పరీక్ష రాయగలరు. ఈ నెల ముగ్గురే వస్తే ముగ్గురికే చెప్పు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది దేవీపట్నం మండలంలో పోలవరం ముంపులో పోయిన ఊరు. మేం కొండరెడ్లం. నేను రావులపాలెంలో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమెకి 58 ఏళ్ళు. బ్యాంకులో సంతకం పెట్టాలని కోరిక. నెల రోజులుగా నేర్పిస్తున్నాను. అక్షరాలు కలిపేస్తోంది, "నా బుర్రకి ఎక్కదు" అని పలక పక్కన పెట్టేస్తోంది. ఈ వయసులో సాధ్యమేనా?
— ఒక కొడుకు, రావులపాలెం

జవాబు: బాబూ, అమ్మకి ముందు కళ్ళు పరీక్ష చేయించావా? నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. కొండ మీద చెట్టు, ఏటి అవతల పడవ అన్నీ కనిపిస్తాయి కాబట్టి ఆమెకి తన చూపు బాగానే ఉందనిపిస్తుంది. పలక మీద "వ"కీ "ప"కీ తేడా మాత్రం కనిపించదు. నా క్లాసుల్లో బుర్రకి ఎక్కదన్న పెద్దవాళ్ళలో చాలామందికి కళ్ళజోడు వచ్చాక అక్షరాలు వచ్చాయి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదటి కొన్నేళ్ళలో బడి మానేసి వెళ్ళిపోయినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి భాష అడ్డు లేదు. ఆమె యాసని మాత్రం దిద్దకు. ఆమె ఎలా పలికితే అలాగే రాసి చూపించు. పలక పక్కన పెట్టి, సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో జానెడు ఎత్తు అక్షరాలు రాయి. వాటి మీద ఆమెని వేలితో దిద్దమను. పేరులో మొదటి అక్షరం ఒక్కటే వారం రోజులు. ఈ ఆదివారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కళ్ళజోడు పెట్టుకున్నాక ఏం జరిగిందో నాకు రాయి, తర్వాతి పాఠం అప్పుడు చెప్తాను.