నవల అమ్ముతున్నారా, కౌలుకిస్తున్నారా?

ప్రశ్న: బొబ్బిలి దగ్గర ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా సంఘంలోని మనుషుల జీవితం మీద ఆరేళ్లు కూర్చుని ఒక నవల రాశాను. ఒక క్రైస్తవ మాసపత్రిక దాన్ని ధారావాహికగా వేసింది. పారితోషికం లేదు, కాగితమూ రాసుకోలేదు. ఇప్పుడు పుస్తకంగా తెస్తామని ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. నేను 45 వేలు కట్టాలట, 300 ప్రతులు వేస్తారట. ‘సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తకే’ అని అగ్రిమెంటులో ఉంది. ఇది తెలిసి పత్రిక సంపాదకులు ‘మేం వేసిన నవల, మమ్మల్ని అడక్కుండా ఎలా ఇస్తావ’ంటున్నారు. నవలలో కానుకల డబ్బు వాడుకున్న పాస్టరు పాత్ర ఒకటుంది. ఎవరైనా తననే రాశానంటారేమోనని భయం. కీర్తనలు, బైబిలు వచనాలు కూడా చాలా వాడాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఇంకా సంతకం పెట్టలేదు కదా? పెట్టకపోతే సగం గండం గడిచినట్టే.

పత్రికాయన మాటకు కంగారు పడకండి. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 17 ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. మీరు ఆ పత్రికలో జీతానికుండి, ఉద్యోగంలో భాగంగా రాస్తే లెక్క వేరు. మీరలా లేరు. హక్కు చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతకోతలుండాలి, కింద మీ సంతకముండాలి. అయినా పుస్తకం మొదటి పేజీల్లో ‘ఫలానా పత్రికలో ధారావాహికగా వచ్చింది’ అని ఒక ముక్క వెయ్యండి. ఆయన మనసూ కుదుటపడుతుంది. ఆ సంచికలు మాత్రం జాగ్రత్తగా దాచండి. రేపు ఎవరైనా మీ కథ ఎత్తుకుపోతే, ఎప్పుడు రాశారో చెప్పే సాక్ష్యం అవే.

అసలు భయపడాల్సింది ఆ అగ్రిమెంటుకు. నా దగ్గరికొచ్చే కేసుల్లో ముప్పాతిక భూమి తగాదాలే కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. పొలం కాగితం మీద సంతకం పెట్టేముందు అది విక్రయమా, కౌలా అని చూస్తాం. నాలుగు హద్దులూ చదివించుకుంటాం. నవల దగ్గరికొచ్చేసరికి అచ్చవుతుందన్న సంబరంలో ఎవరూ చదవరు. ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అంటే విక్రయం. అదీ ఎలాంటి విక్రయం? కొన్నవాడికి ఎదురు 45 వేలిచ్చి మరీ పొలం రాసిచ్చే విక్రయం! రేపు ఎవరైనా సినిమా తీస్తామన్నా, ఒడియాలోకి అనువదిస్తామన్నా మాట్లాడేది మీరు కాదు, వాళ్లు.

మీరు ఇవ్వాల్సింది కౌలు, అంటే లైసెన్సు. తెలుగులో, అచ్చు పుస్తకానికి మాత్రమే, మూడేళ్లో అయిదేళ్లో. ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా మీ దగ్గరే ఉంచుకోండి. గడువు అసలు రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కేస్తుంది. కానీ ‘శాశ్వతంగా’ అని రాసి సంతకం పెట్టాక ఆ రక్షణ మీకు పనికిరాదు. షరతులు మరీ అన్యాయంగా ఉన్నాయని రద్దు అడిగినా, హక్కులు రాసిచ్చిన తేదీ నుంచి అయిదేళ్లు నిండేవరకు రద్దు ఉత్తర్వు రాదు. రాయల్టీ, అంటే అమ్మకాల్లో మీ వాటా, ఎంతో అంకెల్లో ఉండాలి. అన్నీ అమ్ముకున్నా రచయితగా మీ పేరుండే హక్కు మాత్రం సెక్షన్ 57 కింద మీతోనే ఉంటుంది. దాంతో పూట గడవదనుకోండి.

ఇక ఆ 45 వేలు. దేనికెంతో విడదీసి రాయించుకోండి: కాగితం, అచ్చు, ముఖచిత్రం, ప్రూఫులు. ఐఎస్‌బీఎన్‌కని (అంటే పుస్తకం గుర్తింపు సంఖ్యకని) ఒక పద్దు కనిపిస్తే అక్కడే ఆగండి. రాజా రామ్మోహన్ రాయ్ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయిత నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని పుస్తకాలివ్వకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మీరు ఉండే జిల్లాలోనే, అంటే విజయనగరంలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. అయిదు లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు. ‘ఈవిడ వ్యాపారానికి వేయించుకుంది, వినియోగదారే కాద’ని అవతలి లాయరు తప్పక వాదిస్తాడు. అందుకే రసీదులు, వాట్సాప్ మాటలు చెరపకండి.

పాస్టరు పాత్ర దగ్గర మాత్రం నేను మీ పక్షాన గట్టిగా చెప్పలేను. ‘పాత్రలన్నీ కల్పితం’ అన్న వాక్యం కవచం కాదు. ఎరిగినవాళ్లు చదివి ‘ఇది ఆయనే’ అని గుర్తుపడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టం కేసు వెయ్యొచ్చు. రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. నష్టపరిహారం దావా వేరే. ఒక పని చెయ్యండి. ఊరు, మందిరం, కుటుంబం, మాటతీరు, నడక అన్నీ మార్చి, ఆయన్ని ఎరిగిన ఒకరిచేత చదివించండి. వాళ్లు నవ్వుతూ పేరు చెప్పేశారంటే ఇంకా మార్చాలి. డబ్బు తినే గుణాన్ని తీసెయ్యక్కర్లేదు, అది ఎవరి సొంతమూ కాదు.

కీర్తనల విషయం తేలిక. రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు నిశ్చింతగా వాడుకోండి. ఈమధ్య క్యాసెట్లలో, యూట్యూబులో వచ్చిన పాటల చరణాలకు మాత్రం రాతపూర్వక అనుమతి కావాలి. వచనాలు ఏ అనువాదం నుంచి తీశారో చూసుకోండి. కొత్త అనువాదాలకు హక్కుదారులుంటారు, వివరం ఆ గ్రంథం మొదటి పేజీల్లోనే దొరుకుతుంది. వాళ్లకొక ఉత్తరం రాయండి. జవాబు వచ్చి, అగ్రిమెంటు మారి మీ చేతికొచ్చేదాకా ఆ 45 వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి.